ఫ్యూజుగారి బదిలీ

2017 మే 1న మంత్రుల కార్ల మీంచి ఎర్రబుగ్గలు దిగిపోయాయి. దిగిన బుగ్గలన్నీ ఏమయ్యాయా అని నాకు చాలాకాలం బెంగగా ఉండేది. ఏమీ కాలేదు. పిల్లలు పెట్టి ఊరంతా పాకాయి. బంపరు కింద ఒకటి, బంపరు మీద రెండు, బానెట్ మీద జత, టాపు మీద మూరెడు పొడవు బారు. అధికార వికేంద్రీకరణ అంటే ఇదే కాబోలు. ఎదుటివాడి కళ్లకు బైర్లు కమ్మించే హక్కు ఒకప్పుడు బుగ్గకార్లకే ఉండేది. ఇప్పుడు పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉన్న ప్రతి పౌరుడికీ దఖలు పడింది.

అదనపు లైట్లే పాపమని నేననడం లేదు. ఆస్ట్రేలియా నడిబొడ్డు దారుల్లో రాత్రిపూట ఎంత దూరం పోయినా మనిషి జాడ ఉండదు. చీకట్లోంచి కంగారూ ఒక్క గెంతులో బానెట్ మీదికొస్తుంది. అక్కడివాడు అర కిలోమీటరు ముందు ఏముందో చూడాలి కాబట్టి లైటు పెట్టుకుంటాడు. మనవాడు టికియాపారాలో పెట్టుకుంటాడు. అక్కడ అర కిలోమీటరు ముందుకు చూపు సాగాలంటే మధ్యలో ఉన్న టోటోలనే బ్యాటరీ రిక్షాలు, సైకిల్ వ్యాన్లు, ఇనప కమ్మీలు వెనక వేలాడేసుకున్న ఛోటా హాతీలు పక్కకు తప్పుకోవాలి. అవి తప్పుకోవు.

టికియాపారా తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కోల్‌కతా అని అందరూ అంటారు గానీ, హుగ్లీ దాటాక హౌరాలో ఉంటుంది. హౌరాలో ఖరగ్‌పూర్ వైపు లోకల్ ఎక్కితే మొదటి స్టేషన్ అదే, కూర్చుని సంచీ సర్దుకునేలోపే వచ్చేస్తుంది. ఓ పక్క లోకల్ రైళ్ల కార్‌షెడ్డు, ఇంకో పక్క బెలీలియస్ రోడ్డు, దాని సందుగొందుల్లో లేతులు, పోతపని కొట్లు. తెల్లదొరల కాలంలో హౌరాను తూర్పు షెఫీల్డ్ అనేవారట. అరిగిపోయిన పళ్లచక్రం ఒకటి నమూనాగా చూపిస్తే చాలు, దాని కవలపిల్లను చేసి చేతిలో పెట్టే ఊరు.

మా బావమరిది ఖరగ్‌పూర్ తెలుగువాడు. వాళ్ల తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడి వర్క్‌షాపులో చేరారు. మనవడు రైల్వేని వదిలేసి థార్ కొన్నాడు. కొన్నప్పటి నుంచీ దాని టైర్లకు అంటిన అతిపెద్ద బురద వాళ్లింటి ముందు మున్సిపల్ కాలువది. అయినా బండికి ఎడారి అలంకారం తప్పదట. జత హాలోజెన్ లైట్లు, పైన ఒక ఎల్‌ఈడీ బారు కొన్నాడు. "టికియాపారాలో బాగా చేస్తారు బావా" అని నన్నూ వెంటేసుకుపోయాడు. సాక్షి సంతకానికేమో మరి.

బాగానే చేశారు. ముందు ఆ మాట ఒప్పుకోవాలి. మిస్త్రి బంపరు కొలిచి, ఇనప పట్టీ కోసి, వంచి, బెజ్జాలు వేసి, అంచులు అరగదీసి, ఒక బ్రాకెట్ తయారుచేశాడు. కంపెనీవాడు చూస్తే సిగ్గుపడి రాజీనామా చేస్తాడు. అంత పని తెలిసిన మనిషి వైరు దగ్గరికొచ్చేసరికి మారిపోయాడు. దారమంత వైరు చుట్ట తీశాడు. తొడుగును పంటితో ఒలిచాడు. హెడ్‌లైటు వైరును మధ్యలో గీరి, ఆ గీరిన చోట దీన్ని మెలిపెట్టి, నల్లటేపు మూడు చుట్లు చుట్టి, నాలుగో చుట్టు అనవసర ఖర్చని కోసేశాడు.

"రిలే ఏదిరా?" అన్నాను.

"రిలే ఎందుకు బావా, లైటు వెలుగుతోంది కదా!"

మిస్త్రి నా వైపు జాలిగా చూసి, "కిచ్చు హోబే నా, దాదా" అన్నాడు. ఏమీ కాదట. విజయవాడ ఆటోనగర్‌లోనూ, ఖరగ్‌పూర్‌లోనూ, టికియాపారాలోనూ వైరింగుకు పూచీ ఈ ఒక్క వాక్యమే. ప్రీమియం లేదు, క్లెయిమూ లేదు.

లెక్క చూద్దాం, పెద్ద లెక్కేం కాదు. ఒక్కో హాలోజెన్ బల్బు 55 వాట్లు. రెండు కలిపి 110. పన్నెండుతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు పైచిలుకు. ఈ తొమ్మిదీ డ్యాష్‌బోర్డు మీది బుల్లి స్విచ్ గుండా, హెడ్‌లైటు కోసమే కంపెనీవాడు లెక్కకట్టి వేసిన సన్న వైరు గుండా పోవాలని మావాడి పట్టు. వైరు వేడెక్కుతుంది. తొడుగు మెత్తబడుతుంది. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే, అగరొత్తి వెలిగించినట్టున్నారని అద్దం దించుతారు. రిలే ఉంటే ఈ గొడవే లేదు. స్విచ్ గుండా పావు ఆంపియరు కూడా పోదు. అది హుకుం జారీ చేస్తుంది, మోత రిలే మోస్తుంది. దాని కాళ్ల దగ్గర అంకెలు కూడా వేసే ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావు వైరు. 87 నుంచి లైటుకు. 86కి స్విచ్ నుంచి, 85 నుంచి బాడీ ఎర్త్‌కు. కోల్‌కతాలో బంగాళాదుంప వేసి ఇచ్చే బిర్యానీ ఖరీదుకు అటూఇటుగా రిలే వస్తుంది. మావాడు ఆ మధ్యాహ్నం బిర్యానీ రెండు ప్లేట్లు తిన్నాడు.

ఇక ఫ్యూజు. ఈ కథలో నిజాయితీ ఉన్న పాత్ర అదొక్కటే కాబట్టి ఆయన గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

ఆయనది చాలా చిన్న ఉద్యోగం. జీతం పది రూపాయలు, అదీ జీవితంలో ఒక్కసారే. లైటును కాపాడ్డం ఆయన డ్యూటీ అని చాలామంది అనుకుంటారు. ఆయన్ని వేసింది వైరును కాపాడ్డానికి. వైరు మోయగలిగినదానికి మించి కరెంటు వచ్చిందా, సంతకం పెట్టడు. ప్రాణం వదులుతాడు గానీ ఫైలు కదలనివ్వడు. ఇలాంటి అధికారిని మన దగ్గర ఏం చేస్తారో మీకు నేను చెప్పాలా? మొదటిసారి పోతే ఆ స్థానంలో అదే హోదావాడిని వేస్తారు. రెండోసారి పోతే "ఎవడండీ వీడు, ప్రతిదానికీ అడ్డం పడుతున్నాడు" అని పదిహేను ఆంపియర్ల నీలం ఆయన్ని లూప్‌లైన్లోకి పంపించి, ముప్పై ఆంపియర్ల ఆకుపచ్చ ఆయన్ని తెస్తారు. ఈయనది విశాల హృదయం, పోతున్నవన్నీ పోనిస్తాడు. మూడోసారికి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి కుర్చీలో కూర్చోబెడతారు. దానికి ఏ ఫైలు మీదా ఏ అభ్యంతరమూ ఉండదు. ఆఫీసు తగలబడేదాకా సంతకాలు పెడుతూనే ఉంటుంది. మర్నాడు పేపర్లో వస్తుంది: షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా తేలిందట. బదిలీ ఉత్తర్వు మీద సంతకం ఎవరిదో ఏ పేపరూ రాయదు.

ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఇంకా ముఖ్యం. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరు జానెడు దూరం పోయేలోపే ఆయన ఎదురవ్వాలి. ఎల్‌ఈడీ బారుకు మిస్త్రి ఫ్యూజు పెట్టలేదని అబద్ధం చెప్పను. పెట్టాడు, తీసుకెళ్లి బారు పక్కన పెట్టాడు. అంటే బ్యాటరీ నుంచి టాపు దాకా రెండు మూడు మీటర్ల వైరు ఇంజను వేడి పక్కనుంచి, రేకు అంచు మీదుగా కాపలా లేకుండా పోతోంది. బండి గతుకుల్లో ఊగినప్పుడల్లా ఆ అంచు తొడుగును కొంచెం కొంచెం కోస్తుంది. రాగి బయటపడి బాడీకి తగిలిన రోజు, ఇంజను తిప్పే మోటారుకు వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ ఆ మొత్తాన్నీ ఆ దారప్పోగులోకి వదులుతుంది. అప్పుడు టాపు మీద కూర్చున్న ఫ్యూజుగారికి ఆ విషయం తెలియను కూడా తెలియదు. వైరు దూరే బెజ్జానికి రబ్బరు బుష్ వేసి, దారిపొడుగునా గాడుల గొట్టం తొడిగి, అక్కడక్కడా పట్టీ బిగిస్తే ఈ కథ మొదలే అవదు. మైనస్ వైరు సంగతి మరీ చోద్యం. బాడీ రంగు మీదే బోల్టు బిగించేస్తారు. రంగు గుండా కరెంటు పోదని ఎవరైనా అంటే "గీకితే తుప్పు పడుతుంది కదా" అని బండి అందం గురించి ప్రవచనం.

డబ్బా మీద అచ్చేసిన వాట్ల గురించి ఒక్క మాట. మావాడి బారు మీద 300 అని ఉంది. నిజంగా 300 అయితే 25 ఆంపియర్లు లాగాలి. మీటరు పెట్టి చూస్తే ఐదు కూడా దాటలేదు. ఆ పూట మా బండిని కాల్చకుండా కాపాడింది ఈ అబద్ధమే.

మా పక్కనే ఒక టోటో ఆగి ఉంది. దాని అలంకరణ ముందు మా థార్ పల్లెటూరి పెళ్లికొడుకు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ ఎల్‌ఈడీ పట్టీలు, వాటి మధ్య దుర్గమ్మ. టోటోలో పన్నెండు వోల్టుల బ్యాటరీలు నాలుగు వరసగా కలిపి ఉంటాయి, మొత్తం నలభై ఎనిమిది. లైట్లకు కావలసింది పన్నెండే. సరైన దారి కన్వర్టరు. మిస్త్రీల దారి, నాలుగింట్లో ఒక బ్యాటరీకి కొక్కెం తగిలించడం. నలుగురు అన్నదమ్ముల్లో ఒకడే రాత్రంతా అదనంగా పనిచేస్తాడు, తెల్లారి ఛార్జింగులో మాత్రం నలుగురికీ సమానంగా వడ్డిస్తారు. వాడికి ఏనాడూ కడుపు నిండదు, మిగతా ముగ్గురికీ అజీర్తి. కొన్నాళ్లకు వాడు పోతాడు, వాడితోపాటు సెట్టంతా మందగిస్తుంది. డ్రైవరు బ్యాటరీ కంపెనీని తిడతాడు. ఇరవై నాలుగు వోల్టుల లారీల్లో పన్నెండు వోల్టుల పాటల పెట్టె బిగించేవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేస్తారు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 106వది ఎంత శ్రద్ధగా రాశారో చూడండి. లైటుకు ఎనిమిది మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదు. 111వ నిబంధన ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్‌లైటు, సెర్చ్‌లైటు పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన రూపురేఖలు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్టసవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. టోటో యజమానికి ఈ లెక్క కడితే టోటో అమ్మినా సరిపోదు. కానీ ఆ ఎనిమిది మీటర్ల దూరంలో, అర మీటరు కుడిపక్కన నిలబడాల్సిన కన్ను ఎవరిది? ఆ కన్ను సాధారణంగా టీకొట్టు వైపు తిరిగి ఉంటుంది.

కార్‌షెడ్డు గోడ అవతల మాత్రం లోకం వేరేగా నడుస్తోంది. జంటలైన్ల మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తే డ్రైవర్లు హెడ్‌లైటు డిమ్ చెయ్యాలన్నది రైల్వే నియమం. వాళ్లవి వేరు వేరు పట్టాలు. ఎదుటి రైలు పక్కకు జరగాల్సిన పని లేదు, జరగాలన్నా జరగలేదు. అయినా అవతలివాడి కళ్లను గౌరవించాలని రూలు రాసుకున్నారు. గోడకు ఇవతల, ఒకే రోడ్డు మీద, ఒకరి మీదికి ఒకరు వచ్చేవాళ్లు డిప్ మీటను ఓటమికి గుర్తుగా చూస్తారు. "వాడు దించితే నేను దించుతాను బావా" అంటాడు మావాడు. అవతల థార్‌లో ఉన్న ఇంకో బావమరిదీ అదే అంటూ ఉంటాడు.

వానాకాలం వస్తోంది. గట్టి వాన పడితే టికియాపారా షెడ్డులో పట్టాలు మునిగి లోకల్ రైళ్లు ఆగిపోతాయి. రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంజను వేడికి టేపు జిగురు కరిగిపోయి, ఆ మెలికల్లోకి నీళ్లు చేరి, రాగి పచ్చబడుతుంది. మెలిపెట్టిన చోట లగ్గు వేసి నొక్కి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగితే ఆ బాధ ఉండదు. ఆ మాటే చెప్పాను. ఇద్దరూ కలిసి "కిచ్చు హోబే నా" అన్నారు, ఈసారి కోరస్‌లో.

మా బావమరిది సంగతి వాడు చూసుకుంటాడు. కోల్‌కతా నుంచి చెన్నై దాకా పోయే 16వ నంబరు రహదారి మీదే మీ ఊరూ ఉండొచ్చు, మీ బండికీ ఇలాంటి నగలు ఉండొచ్చు. ఈ ఆదివారం ఇంజను ఆపి బానెట్ ఎత్తండి. బ్యాటరీ ప్లస్ నుంచి కంపెనీది కాని వైరు ఏదైనా బయల్దేరుతుంటే దాని వెంట జానెడు దూరం చూడండి. అంతలో ఫ్యూజు కనిపించకపోతే ముందు బ్యాటరీ మైనస్ తీసి, ఆ వైరును ఊడదీసి, మళ్లీ మైనస్ బిగించి అప్పుడు బండి తియ్యండి. వెళ్లేది నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి. "ఏం కాదు సార్" అన్నవాడి దగ్గరికి మాత్రం వెళ్లకండి.