అది గోదావరే బావా!

మాది కోనసీమ జిల్లా కాబట్టి సముద్రం మా పెరట్లోనే ఉంటుందని హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది నమ్మకం. అసలు కోనసీమ అంటే గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న నేల. మా ఆలమూరు గౌతమికి ఇవతలి గట్టున ఉంది. 2022లో కొత్త జిల్లా గీసినప్పుడు మమ్మల్నీ కలిపేసుకున్నారు గానీ, జొన్నాడ వంతెన దాటి రావులపాలెంలో దిగితే తప్ప పాతకాలం వాళ్ల లెక్కలో కోనసీమ మొదలవదు. అక్కణ్ణుంచి కొత్తపేట, అమలాపురం దాటి, కొబ్బరితోటలు పలచబడి సరుగుడు చెట్లు కనపడ్డాకే సముద్రం. ఇదంతా ఫోన్లో విడమరిచి చెబితే, "అయితే దగ్గరే కదా బావా" అన్నాడు.

ఆగస్టు 15 పక్కన ఆదివారం కలిసొచ్చింది. పెళ్లాంబిడ్డలతో దిగిపోయాడు. వానాకాలంలో రూములు సగం రేటుకే ఇస్తారని ఎక్కడో చూశాట్ట. ఎందుకిస్తారో మాత్రం చూడలేదు.

ఎక్కడికెళ్లాలన్నది తేలడానికి ఒక పూట పట్టింది. అంతర్వేది అయితే నరసింహస్వామి దర్శనం, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, రెండూ అయిపోతాయని అమ్మ. గుడి పేరెత్తితే స్నానం చేయాల్సొస్తుందని పిల్లలు ఓడలరేవుకి ఓటేశారు. ఎస్.యానాం వెళ్దామన్నాను నేను. నన్నెవరూ అడగలేదని మా ఆవిడ గుర్తుచేసింది.

ఈలోగా టీవీలో కింద అక్షరాలు పరిగెడుతున్నాయి: ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక. అంటే బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు దాటి వదులుతున్నారని. 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. "అంత నీళ్లు పోస్తే సముద్రం నిండిపోదా మావయ్యా?" అంది మేనకోడలు. జవాబు చెప్పకుండానే అమ్మ అందుకుంది. ఆవిడకి వరదంటే 1986దే. ఆ ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అప్పట్నుంచీ ఏ వరదనీ ఆవిడ లెక్కపెట్టదు. 2022 జులైలో 25 లక్షలు దాటి లంకలన్నీ మునిగితే, "ఆయ్, పర్లేదు, బానే వచ్చింది" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఇక పది లక్షలంటే ఆవిడ దృష్టిలో తుంపర. "పులిహోర కలుపుతాను, బయల్దేరండి" అంది.

ఓడలరేవే ఖాయమైంది. కారు దిగగానే బావమరిది చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పదడుగులు వేసి ఆగిపోయాడు. ఎదురుగా చిక్కటి టీ రంగులో సముద్రం.

"ఏంటి బావా, గోదావరిలా ఉంది?"

"గోదావరే."

నాసిక్ దగ్గర పుట్టిన నది, దారిలో మహారాష్ట్ర, తెలంగాణ మట్టి కడుక్కుని, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చినది కూడా కలుపుకొని, ఇక్కడికొచ్చింది. మా ఊరి గట్టెక్కితే పైసా ఖర్చు లేకుండా కనపడే ఎర్రనీటిని, డీజిల్ పోయించుకుని ఇంత దూరం వచ్చి చూస్తున్నామన్నమాట. ఒడ్డున గుర్రపుడెక్క గుట్టలుగా పడుంది. దాంట్లో ఓ చెప్పు, రెండు కొబ్బరిబోండాలు, ఎవరి వినాయకుడిదో పాత పందిరి కర్ర. పిల్లలకి నీలం సముద్రం లేదన్న బెంగే లేదు, ఆ కర్ర కోసం కొట్టుకున్నారు.

లోపలికి దిగబోతే ఒడ్డున ఉన్న కానిస్టేబుల్ ఈల వేశాడు. అల్పపీడనం ఉందండి, వేటకెళ్లే వాళ్లే పడవలు ఒడ్డుకి లాగేశారండి, తమరికెందుకండి, అన్నాడు. ఇంత మర్యాదగా వెనక్కి పంపడం గోదావరి జిల్లాల్లోనే కుదురుతుంది.

అప్పుడు వాన మొదలైంది. సముద్రం దగ్గర వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు విప్పితే అది మమ్మల్ని సరుగుడు తోపులోకి లాక్కుపోయింది. అమ్మ మాత్రం కేరేజీని పమిట కింద దాచి, విస్తరాకులో పులిహోర పెట్టేసింది. వాన చినుకులు, ఇసక, వేరుశనగ పలుకులు కలిసి, ఏది పంటికింద పడిందో తెలియని రుచి. బావమరిది మారు వడ్డించుకున్నాడు.

తిరుగు దారిలో బజ్జీల కొట్టు దగ్గర ఆగితే, పక్కన ఎవరో పులస మాట ఎత్తారు. ఈ వరదనీటి వాసన పట్టుకునే ఆ చేప సముద్రం వదిలి గోదావరికి ఎదురీదుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా దాని రాజ్యమే. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు, ఏట్లోకొచ్చాక పులస, ధర వేలల్లో. అంటే సముద్రంలో ఉండేవే మా ఊరి వైపు వస్తుంటే మేము సముద్రానికి పోయామన్నమాట. ఇది గ్రహించి బావమరిది, "అయితే రాత్రికి పులుసేనా బావా?" అన్నాడు. రూమ్‌లో మిగిల్చిన సగం రేటుకి పులస తోక కూడా రాదని చెప్పాను. వినలేదు. కొన్నాం. నేనే కొన్నాను.

వానాకాలంలో మా సముద్రం చూడాలనుకునే వాళ్లు నిక్షేపంలా రండి. పొద్దున్నే ధవళేశ్వరం అంకె చూసుకోండి, కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే కారు వెనక్కి తిప్పండి, సముద్రాన్ని ఒడ్డునుంచే చూడండి. పులస మాత్రం మీ డబ్బుతో కొనుక్కోండి.