ఆవంలో వదిలిన ఊపిరి

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ పక్కన, చలివేంద్రంలో తడి గోనెపట్టా చుట్టుకుని కూర్చున్న కుండను నేను. మొన్న ఓ అమ్మాయి భూగర్భశాస్త్రం పుస్తకం కొనుక్కొచ్చి, నా నీళ్లు తాగి, వేలితో నన్ను తట్టింది.

"తాతా, ఈ కుండ వయసెంత?"

"ఉగాదికే తెచ్చిన బిడ్డా," అన్నాడు నీళ్లు పోసే తాత.

"కుండది కాదు తాతా, మట్టిది."

ఎన్నాళ్లకు అడిగారు ఆ మాట!

నాంపల్లికి దగ్గర్లో నౌబత్ పహాడ్ ఉందే, అలాంటి గ్రానైట్ గుట్టలే నా పుట్టిల్లు. ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ అందులోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి, బంకమట్టై, చెరువుకు చేరింది. నాలో ఇల్లైట్ అనే ఖనిజం ఉండేది. పుస్తకంలా పొరలు పొరలుగా ఉంటుంది. పొరల నడుమ పొటాషియం. అందులో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున ఉండే పొటాషియం-40 తనంతట తానే మారిపోతూ 125 కోట్ల ఏళ్లకు సగమవుతుంది. మారిన ప్రతి 100లో సుమారు 89 కాల్షియం, 11 ఆర్గాన్. ఎవరితోనూ కలవని ఆ వాయువు దారిలేక పొరల్లోనే చిక్కుకుంటుంది. ఇల్లైట్ పుట్టిన నాటినుంచీ అలా పోగుపడుతూనే ఉంటుంది.

కుమ్మరి నన్ను తొక్కి, సారెమీద తిప్పి, ఆవంలో పేర్చి నిప్పు పెట్టాడు. ముందు తడి ఆరింది. 500 డిగ్రీలు దాటాక ఖనిజంలో బిగిసి ఉన్న నీరూ పోయింది. పొరలు చెదిరాయి. ఆర్గాన్ పొగతోపాటు గాల్లో కలిసింది. నన్ను కుండను చేసిన మంటే నా జ్ఞాపకాన్ని పట్టుకుపోయింది.

ప్రయోగశాలలోనూ మట్టిని ఇలాగే కాలుస్తారు, కాకపోతే గాలి తీసేసిన కొలిమిలో. మనం పీల్చే గాలిలోనే సుమారు 1 శాతం ఆర్గాన్ ఉంది కదా, అది కలిస్తే లెక్క తప్పుతుంది. బయటపడ్డ వాయువును శుద్ధిచేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఆర్గాన్‌ను కొలుస్తారు. ఎంత పొటాషియానికి ఎంత ఆర్గానో తెలిస్తే ఖనిజం వయసు తేలుతుంది. భూమి ఎప్పుడు బీటవారి జారిందో ఆ బీటలో పుట్టిన ఇల్లైట్ అలాగే చెబుతుంది.

నేను వెయ్యేళ్లు ఉన్నా మళ్లీ కొలవగలిగేంత ఆర్గాన్ నాలో చేరదు. కానీ నన్ను తవ్విన చెరువులో మిగిలిన మట్టి ఆ ఊపిరిని ఇంకా బిగబట్టుకునే ఉంది. బిడ్డా, వెళ్లి ఆ పచ్చిమట్టిని అడుగు. కాల్చేటప్పుడు మాత్రం దాని ఊపిరి గాలిపాలు కానీయకు.