పన్ను పోయింది, డైపర్ మిగిలింది

2025 సెప్టెంబర్ 22 నుంచి నా ఫోన్‌కి పెళ్లి పిలుపులకన్నా ఆరోగ్య బీమా పాలసీ పిలుపులే ఎక్కువ. ‘సార్, జీఎస్టీ సున్నా! 18 శాతం మిగిలినట్టే!’ ఆఫీసువాళ్లు చేయించే గ్రూపు పాలసీకి ఆ సున్నా వర్తించదన్న ముక్క మాత్రం ఒక్కరి నోటా రాదు. పోనీ లెండి. పన్ను లేని పాలసీ చేతికొచ్చింది కదా, ఒకసారి వెనక పేజీలు తిప్పండి.

అక్కడ ‘చెల్లించనివి’ అని ఒక జాబితా ఉంటుంది. 68 అంశాలు. మొదటిది పసిపిల్లల ఆహారం. రెండోది పసిపిల్లల సామాన్లు. మూడోది సౌందర్య సేవలు! పాలపిండి అడిగే తల్లీ ఫేషియల్ అడిగే తల్లీ కంపెనీవారి కళ్లకి ఒక్కటే కాబోలు. ఇంగ్లిషు అక్షరక్రమంలో అలా పడ్డాయంటారు. అక్షరక్రమానికి దయ లేకపోవచ్చు, రాసినవాడికి ఉండొద్దూ?

డైపర్ దగ్గర మరీ జాగ్రత్తపడ్డారు: ‘ఏ రకమైనా సరే’ ఇవ్వరట. ఎవరైనా పట్టు డైపర్‌కి బిల్లు పెడతారని భయం కాబోలు. కీమో ఎక్కుతున్న మూడేళ్ల పిల్లకి రాత్రంతా సెలైన్ పోతూనే ఉంటుంది, పక్క తడుస్తూనే ఉంటుంది. సెలైన్‌కి డబ్బిస్తారు, అది బయటికొస్తే ఇవ్వరు.

నెబ్యులైజర్ కిట్టు, స్పేసరు, థర్మామీటరు కూడా అందులోనే. ఉబ్బసం పిల్లాడి మందు కంపెనీది, ఆ మందు ఊపిరితిత్తుల దాకా చేరే గొట్టం తండ్రిది. గ్లవుజులూ అంతే. డాక్టరుగారు వట్టి చేతులతో చూస్తే మనకి కలిసొస్తుందన్నమాట.

మార్చురీ ఖర్చులు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. దీనిమీద ఎగతాళికి నాకు నోరు రావడం లేదు. పసిపిల్లల ఆహారాన్నీ, శవాన్ని భద్రపరిచే ఖర్చునీ ఒకే కాగితం మీద ‘ఇవ్వం’ అని రాసిన చేతికి సిగ్గుండాలి.

ఇక గది అద్దె. 5 లక్షల పాలసీలో రోజుకి ఒక శాతమే అని రాసుంటే 5 వేలు. ఇన్ఫెక్షన్ భయంతో పిల్లని 10 వేల గదిలో పెట్టారా, డాక్టరు ఫీజూ ఆపరేషన్ థియేటర్ ఖర్చూ కూడా సగానికి కోసేస్తారు.

ఇక కండరాలు క్షీణించిపోయే ఎస్‌ఎంఏ లాంటి అరుదైన జబ్బొస్తే ఒక్క ఇంజెక్షనే దాదాపు 16 కోట్లు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ప్రభుత్వం ఇచ్చేది మహా అయితే 50 లక్షలు. మిగతాదానికి బిడ్డ ఫొటో పెట్టి ఊరూరా, ఫోన్‌ఫోన్‌కీ అడుక్కోవాలి.

మంచం పక్కన కూర్చోడానికి అమ్మ ఉద్యోగం మానేస్తుంది. నాన్నకి సెలవులైపోయి జీతం కోత పడుతుంది. ఆస్పత్రి ఎదురుగా లాడ్జి అద్దె రోజురోజుకీ పేరుకుంటుంది. వీటిలో ఏదీ క్లెయిము కాదు. ప్రీమియం కట్టించుకునేటప్పుడు మాత్రం ‘ఫ్యామిలీ ఫ్లోటర్’. ఫ్యామిలీ మునుగుతుంటే తేలేది కంపెనీయే.

నేనడిగేది చిన్న కోరికే. పిల్లల క్లెయిముల వరకైనా ఆ 68 అంశాల కాగితాన్ని చింపెయ్యండి. కంపెనీలు దివాలా తీస్తాయంటారా? డైపర్ డబ్బుల మీద నిలబడ్డ వ్యాపారం కూలితే దేశానికి పోయేదేమీ లేదు.