కట్ట విప్పకుండానే సంతకమా?

మా రోజుల్లో తాటాకు గ్రంథానికి జాబితాలోకి వివరణ రాయాలంటే ముందు కట్ట విప్పేవాళ్లం. ఇప్పుడు ఆ మాటంటే కుర్రవాళ్లు వింతగా చూస్తున్నారు. పాత జాబితాలో పేరుంది, కంప్యూటర్లో గడులున్నాయి, ఇంకా విప్పడం దేనికంటారు.

దేనికో చెబుతాను. పైచెక్క మీద ‘భారతం’ అని రాసి ఉంటుంది. లోపల విరాటపర్వం సగంలో ఆగిపోతుంది. ఆ వెనక ఒక శతకం, చివరి ఆకుల్లో పశువైద్యం. ఆకుల అంకెలు నడిమధ్యలో మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యాయంటే అక్కడ ఇంకో గ్రంథం ఉందేమోనని అనుమానించాలి. అది ఆకు ఆకూ తిప్పినవాడికే అందుతుంది. అక్షరం ఆనకపోతే మసి పూసి తుడిచేవాళ్లం. గంటపు గాట్లలో నలుపు నిలిచి పద్యం పైకి తేలేది. కొలతలు, ఆకులెన్ని, పుటకు పంక్తులెన్ని, లిపి, భాష, మొదలు, తుది, ఆశ్వాసాంత గద్య, పురుగు తిన్న చోట్లు అన్నీ రాసి పెద్ద పండితుల బల్ల మీద పెట్టేవాళ్లం. కాగితంతో పాటు కట్టా పెట్టాలి. ఆయన ఆకు పక్కన కాగితం పెట్టుకుని చదివేవారు. అరసున్న తప్పినా వెనక్కి వచ్చేది.

ఇప్పుడు పరిశీలన అంటే ఖాళీ గడి మిగిలిందా లేదా చూడడమే. ఈమధ్య ఒక చోట చూశాను. లేఖకుడు క్రోధి సంవత్సరమని మాత్రమే రాశాడు. వివరణలో 1844 అని ఉంది. క్రోధి 1784లోనూ వచ్చింది, 1904లోనూ వచ్చింది. పక్కనే తిథి, వారం ఉన్నాయి. పంచాంగ గణితంతో వాటిని పోల్చి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఇంకో కట్ట తెలుగు లిపిలో రాసిన సంస్కృత గ్రంథం. భాష అన్నచోట ‘తెలుగు’ అని పడింది. రెండింటి కిందా సంతకాలున్నాయి. రేపు సంస్కృతం వెతికేవాడికి ఆ గ్రంథం ఇక లేనట్టే!

స్కానింగు మంచిదే, కాదనను. పెళుసెక్కిన ఆకుని పదిమంది తాకే బాధ తప్పింది. కానీ బొమ్మ తీసిన యంత్రం అందులో ఏముందో చెప్పదు. అది మనిషి చదివి చెప్పాల్సిందే. కడపలో బ్రౌను దొర పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, ఒక్కో కావ్యానికి ఎన్నో ప్రతులు పక్కపక్కన పెట్టించి సరిచూయించాడు. కరెంటు లేని కాలంలో ఆ పని జరిగింది.

పరిశీలించే అధికారులకు నా విన్నపం ఒక్కటే. కట్టగానీ, దాని ఆకులన్నిటి బొమ్మలుగానీ ఎదుట లేకుండా ఏ వివరణ మీదా సంతకం పెట్టకండి. రోజుకి రెండే తెమిలితే రెండే తెమలనివ్వండి.