మిస్‌కాల్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “అన్నా, బండి ఎల్లినంక మిస్‌కాల్ ఇస్త, లేపకు.”

ప్రతిపదార్థం: అన్నా = మొయినాబాద్ దగ్గర పూలతోట రైతూ; బండి ఎల్లినంక = గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే ఆటో చేవెళ్ల దాటినాక; మిస్‌కాల్ ఇస్త = నీ ఫోను మోగించి పెట్టేస్తాను; లేపకు = మోగిందని ఆశపడి మాట్లాడబోకు. కర్త ఆటో డ్రైవరని అధ్యాహారం. ‘ఎత్తకు’ అని కోస్తా పాఠాంతరం, అర్థభేదం లేదు.

తాత్పర్యం: చెప్పవలసిందంతా ముందురోజే చెప్పుకున్నారు కనుక, మర్నాటి మోత వట్టి ముద్ర. ఆ ముద్ర పడగానే గంపలు రోడ్డు మీదికి చేరాలి. ముందే చేరిస్తే చామంతి ఎండకు వాడుతుంది, ఆలస్యమైతే ఆటో ఆగదు. ఫోను లేపితే తప్ప బిల్లు మొదలుకాదు కాబట్టి ఇంత వ్యవహారమూ ఉచితం. ఇక్కడే ఈ టీకాకారుడి సిద్ధాంతం: సెల్‌ఫోను చరిత్రలో మైలురాళ్లను యంత్రాలు పాతలేదు, రేట్లు పాతాయి. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో కిలోకు పైబడిన ఫోను పట్టుకుని మాట్లాడిన ముచ్చట అందరూ రాస్తారు. మన దేశంలో 1995 జులై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని సుఖ్‌రామ్‌కు చేసిన కాల్ కూడా రాస్తారు. ఆ రోజుల్లో వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాల్సి ఉండేదన్న సంగతి మాత్రం పాదసూచికలోకి పోతుంది. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. చేవెళ్ల రైతు జేబులోకి ఫోను రావడానికి దారి వేసింది ఆ తేదీయే.

“ఆ ఏడే కదా నోకియా 1100 వచ్చింది, యంత్రం గొప్పతనం కాదా?” అని పూర్వపక్షం. దుమ్ము చొరని కీప్యాడ్, టార్చి లైటు ఉన్న ఆ ఫోను నిజంగానే పల్లెకు పనికొచ్చింది. కానీ మోగినప్పుడల్లా జేబు చిల్లుపడేట్టయితే రైతు దాన్ని టార్చిగా వాడుకుని, మిగతా వేళ ఆపేసేవాడు. “ఇది ఒట్టి పిసినారితనం” అని మరొక ఆక్షేపణ. పిసినారి అవతలివాడి చేత తిరిగి ఫోను చేయిస్తాడు. ఇక్కడ ‘లేపకు’ అనే నిషేధం ఇద్దరి డబ్బూ కాపాడుతోంది. నష్టం కంపెనీది, దాని తరఫున వకాల్తా పుచ్చుకోవడం టీకాకారుడి పని కాదు. పైగా 2009లో టాటా డొకోమో సెకను లెక్క తెచ్చేదాకా, పొరపాటున క్షణం లేపినా చాలా ప్లాన్లలో నిమిషం డబ్బు పోయేది. సూత్రకారుడు చివరి పదాన్ని అంత గట్టిగా ఎందుకన్నాడో దీన్నిబట్టి గ్రహించాలి.

“2016 సెప్టెంబరు 5న జియో వచ్చి మాటలన్నీ ఉచితం చేశాక ఈ సూత్రం చచ్చింది కదా?” ఇది బలమైన ఆక్షేపణే. డబ్బు భయం పోయాక లేపినా ఫర్వాలేదు, పూల ఫొటో వాట్సాప్‌లో పెట్టినా ఫర్వాలేదు. రేటు మారితే వాడుక మారిందంటే సిద్ధాంతం మరింత నిలిచినట్టే. పోనీ, చచ్చిందన్న మాటైనా నిజమా అంటే అదీ కాదు: ఇండియన్ ఆయిల్ తన ఇండేన్ గ్యాస్‌కు దేశమంతటా మిస్‌కాల్ బుకింగ్ మొదలుపెట్టింది 2021 జనవరి 1న. అక్కడా ఎవరూ లేపరు.