కోటగోడకు లేని నిబంధన

తండ్రి గణపతిదేవుడు తలపెట్టిన రాతికోటను పడగొట్టక, ఆ గోడమీదనే మరికొంత ఎత్తు లేపి రుద్రమదేవి దానిని దృఢతరము గావించినదని చెప్పుదురు గనుక, ఆ ప్రాకారములోపలనే కాపురమున్న ఖిలా వరంగల్ గృహస్థుడు తన ఇంటి పాత డెస్క్‌టాప్ విషయమున అదే రాజమార్గమును అవలంబింపజూచుట సహజమే గదా! హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ బిగించెను. ర్యామును 4 జీబీనుండి 8కి పెంచెను. (మొదట తెచ్చినది డీడీఆర్4 ముక్క యగుటచే దాని గాటు డీడీఆర్3 గాడితో కలియక, ఎంత నొక్కినను దిగక, మరల అంగడికి నడిచిన ముచ్చట వేరు.) ఫ్యాను రెక్కలకు అట్టకట్టిన దుమ్మును పాత పళ్లబ్రష్షుతో దులిపి మీట నొక్కగా, నిమిషములకొలది మూలుగుచుండిన యంత్రము చిటికెలో మేల్కొనెను.

ఆ సంబరము చల్లారకమునుపే తాఖీదు వచ్చెను: విండోస్ 10 పాలన 2025 అక్టోబరు 14తో సమాప్తము; విండోస్ 11 కోరు ర్యాము 4 జీబీయే యైనను, ఇంటెల్ ప్రాసెసరు ఇంచుమించుగా ఎనిమిదవ తరమునకు తగ్గరాదు, టీపీఎం 2.0 ఉండితీరవలెను! ఆస్తి ఉన్నది, గోత్రము కుదరలేదన్నమాట. ప్రాసెసరు మార్చుదమన్న మదర్‌బోర్డు ఒప్పదు. మదర్‌బోర్డు మార్చిన నిన్న కొన్న ర్యాము పనికిరాదు. అన్నియు మార్చిన పాతదని చెప్పుకొనుటకు మిగులునది ఇనుపడబ్బాయు, దానిమీది గుడ్డకవరును. లినక్స్ వేసికొనుమని పొరుగింటి కుర్రవాడు ఉచితముగా సెలవిచ్చుచున్నాడు గాని, గృహస్థుని కన్ను వీధివైపే యున్నది: తరమెంతయని యడుగక కాటా పట్టుకొని వచ్చువాడు పాతసామానుల బేరగాడొక్కడే.