ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఆత్మకథ

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌కూ హౌరాకూ మధ్య 12703, 12704 నంబర్లతో తిరిగే రైలుబండి. ఈ వివరాలు చెబుతున్నది ఆ బండే. తన సంగతి తానే చెప్పుకుంటున్నా ‘నేను’ అనే అలవాటు దానికి లేదు. టైం టేబుల్‌లో పుట్టిన బండికి నంబరు, పేరు, వేళ తప్ప వేరే ఏ సర్వనామమూ పనికిరాదు.

పేరు హైదరాబాద్ పాతబస్తీ ఇచ్చింది. చార్మినార్‌కు దక్షిణాన ఒక గుట్ట మీద పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా కట్టించిన మహలు ఫలక్‌నుమా. దానికి 1884లో పునాది పడింది. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. 2010 నుంచి హోటలుగా ఉంది. అక్కడికి దగ్గర్లో అదే పేరుతో రైల్వే స్టేషన్ కూడా ఉంది గాని, ఆ పేరు పెట్టుకున్న ఎక్స్‌ప్రెస్ ఆ స్టేషన్‌కు వెళ్లదు. పాతబస్తీ వాళ్లు ఫలక్‌నుమాలోనో, ఉప్పుగూడలోనో, యాకుత్‌పురాలోనో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్ వచ్చి దీన్ని అందుకోవాలి. అలా వచ్చేవాళ్లలో చార్మినార్ చుట్టుపక్కల నగల దుకాణాల వెనక గదుల్లో బంగారం పని చేసే బెంగాలీ కార్మికులు ఉంటారు. సముద్రం చూపిస్తామని పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖకు బయల్దేరిన కుటుంబాలూ ఉంటాయి.

సముద్రం మీద ఆశతో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లను ఈ బండి చాలాసేపు నిరాశపరుస్తుంది. సాయంత్రం సికింద్రాబాద్‌లో కదిలి, బీబీనగర్ దాటాక కాజీపేట దారి వదిలి నల్లగొండ వైపు మళ్లుతుంది. 2023 జూలై 7న పగిడిపల్లి, బొమ్మాయిపల్లి మధ్య దీని పెట్టెలు కొన్నింటికి నిప్పంటుకుంది. జనం వెంటనే దిగిపోవడంతో ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఆ ముక్క దాటితే నల్లగొండ, మిర్యాలగూడ. విష్ణుపురం అవతల కృష్ణ ఒకసారి, గుంటూరు దాటి విజయవాడలో అడుగుపెట్టే ముందు మళ్లీ అదే కృష్ణ. ఒకే నదిని ఒకే రాత్రి రెండుసార్లు దాటుతున్నామని పెట్టెలో సగం మందికి తెలియదు.

విజయవాడ నుంచి ఇది తీరం దారి. 1890ల్లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో వేసిన లైను ఇదే. పేరులో తీరం ఉన్నా పట్టాలు ఒడ్డుకు దూరంగానే సాగుతాయి. డెల్టాలో నది పాయలుగా చీలిపోతుంది, నేల మెత్తన, ఉప్పెన భయం వేరే. పాయపాయకూ వంతెన కట్టే బదులు నది ఇంకా ఒక్కటిగా ఉన్న చోటే దాటడం తేలిక. అందుకే కృష్ణను విజయవాడలో, గోదావరిని రాజమండ్రిలో, మహానదిని కటక్‌లో, అంటే మూడింటినీ డెల్టా తల దగ్గరే దాటారు. గోదావరి చీలేది రాజమండ్రికి దిగువన ధవళేశ్వరం దగ్గర. అక్కడ కాటన్ ఆనకట్ట 1852 నాటికే సిద్ధమైంది. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన దాదాపు నూరేళ్లు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు రైళ్లు నడిచేది 1974 నాటి రోడ్డు–రైలు వంతెన, విల్లుల వంతెనల మీద. ఫలక్‌నుమా ఈ ఊరికి చేరేసరికి దాదాపు అర్ధరాత్రి. రానూ పోనూ గోదావరిని చీకట్లోనే దాటడం దీని జాతకంలో రాసిపెట్టినట్టుంది.

సామర్లకోటలో దిగినవాళ్లకు కాకినాడ, దాని పక్కన కోరింగ మడ అడవులు దగ్గర. 1978లో అభయారణ్యమైన ఆ అడవి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చేపలు పట్టి తినే బావురు పిల్లులు అక్కడే ఉంటాయి. తుని దాటాక తూర్పు కనుమలు పట్టాల దగ్గరికి వస్తాయి, కాని వాటిని చూసేందుకు అప్పుడు మేలుకొని ఉండేది డ్రైవరూ గార్డూ మాత్రమే.

విశాఖపట్నంలో కుటుంబాలు దిగిపోతాయి. వాళ్లకు కావలసిన రామకృష్ణా బీచ్, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ స్టేషన్‌కు దగ్గరే. అరకు వెళ్లాలంటే బండి మారాలి. కొత్తవలస దగ్గర కిరండూల్ లైను విడిపోయి, సొరంగాల వెంట సొరంగాలుగా కొండెక్కి శిమిలిగుడ దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తును అందుకోబోతుంది. ఫలక్‌నుమాకు ఆ ఎత్తుల యోగం లేదు.

విశాఖలో ఇంకో చిత్రం ఉంది. ఇంజను ఒక కొస నుంచి రెండో కొసకు మారి, బండి వచ్చిన దిక్కుకే బయల్దేరుతుంది. అప్పటిదాకా సముద్రం వైపున్న కిటికీ కొండల వైపుకు, కొండల వైపుది సముద్రం వైపుకు వస్తాయి. చిలికా చూడదలచినవాళ్లు సికింద్రాబాద్‌లో ఎడమవైపు కిటికీ ఎంచుకోవడం మేలు. రిజర్వేషన్ చార్టు ఈ మాట చెప్పదు.

తెల్లవారేది శ్రీకాకుళం జిల్లాలో. నౌపడ దగ్గర ఉప్పు మడులు. ఆ పక్కనే తేలినీలాపురంలో గూడబాతులు, కొంగలు ఏటా వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు, రైల్లో కూడా అదే మాట వినిపిస్తుంది. పలాసలో జీడిపప్పు అమ్మేవాళ్లు. మందస దాటుతుంటే పడమట 1,501 మీటర్ల మహేంద్రగిరి. ఇచ్ఛాపురంతో ఆంధ్ర అయిపోతుంది.

గంజాంలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకు వేలుగా గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. బండిలోంచి అవి కనిపించవు. కనిపించేది చిలికా. రంభ నుంచి బాలుగావ్ వైపు ఒక పక్క కొండలు, ఒక పక్క నీళ్లు, మధ్యలో పట్టాలు. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల ఉప్పునీటి సరస్సది. 1981లో భరత్‌పూర్ పక్షి అరణ్యంతో పాటు మన దేశపు తొలి రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఇరావడీ డాల్ఫిన్లు ఉండేది సముద్రపు ముఖానికి దగ్గరున్న సాతపడ వైపు, పట్టాలకు చాలా దూరం. తీరం దారి పొడవునా ప్రయాణికుడు ఇంతసేపు నీళ్లను చూసే చోటు ఇదొక్కటే. ఈ బండి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వెలుతురుండగానే దీన్ని దాటుతుంది. ఆ లెక్కన దీని వేళలు వేసినవారిని మరీ తప్పుపట్టలేం.

ఖుర్దా రోడ్‌లో పూరీ వెళ్లేవాళ్లు దిగుతారు. భువనేశ్వర్ దాటాక కటక్‌లో కాఠజోడి, మహానది. భద్రక్, బాలాసోర్ చుట్టూ నేల చదునై, పడమటి కొండలు దూరమవుతాయి. ఖరగ్‌పూర్‌లో ఈ లైను ముంబై నుంచి వచ్చే లైనుతో కలుస్తుంది. అక్కడి నుంచి హౌరా దాకా బండికి తీరంతో పని లేదు.